బావి ఆనవాలు, సర్వే నంబరు

1800లో నిజాము కుంపిణీ వారికి వదలిన దత్తమండలములలో రాయదుర్గం సీమయు ఉండెను. ఆ మండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పొలము పొలమును కొలిపింప నారంభించెను. కొలతగాండ్రకు ఇచ్చిన సాధనము 33 అడుగుల గొలుసు. ఈ పొడవులో ఒక సౌకర్యము కలదు. ప్రక్కకు 33 అడుగులున్న చదరము ఒక గుంట. అట్టివి 40 చేరిన 43,560 చదరపు అడుగులు, అనగా సరిగా ఒక ఎకరము. పొలము పొడవు, వెడల్పులను గొలుసులలో హెచ్చవేసి, 40చే భాగించిన చాలును.

అదే సంవత్సరము ఏప్రిల్ 10న మద్రాసు చెంత పరంగికొండ వద్ద విలియం లాంబ్టన్ ఆధారరేఖను కొలువ నారంభించెను. దానిపై త్రిభుజము వెంట త్రిభుజము అల్లుచు దేశమందలి స్థలముల అక్షాంశ రేఖాంశములను నిర్ణయించుట ఆయన పని. ఒకరికి కావలసినది శిస్తు, మరొకరికి భూగోళపు ఆకృతి. ఈ రెండు కొలతలు పొలము గట్టు వద్ద కలిసికొనుటకు రెండు వందల ఏండ్లకు పైగా పట్టినది.

1858లో ఏర్పడిన మద్రాసు రెవెన్యూ సర్వే శాఖ పద్ధతి సులభమైనది. పొలమునకు కర్ణముగా గొలుసు సాగదీసి, ఆ రేఖనుండి ఒక్కొక్క మూలకు లంబదూరము కొలిచి పుస్తకములో వ్రాయుదురు. ఒక రాయి పోయినచో తక్కిన రాళ్ళనుబట్టి దాని చోటు కనుగొనవచ్చును. రాళ్ళన్నియు పోయినచో? ఆ పటములో అక్షాంశ రేఖాంశములు లేవు గదా! 1953 అక్టోబరు 1న రాయదుర్గం తాలూకా బళ్ళారి జిల్లానుండి అనంతపురం జిల్లాకు మారినది. పాత పటముల లోపము మాత్రము వాటితోనే వచ్చినది.

ఆకాశమునుండి చూచుట ఈ లోపమును తీర్చునా? 1988లో ఎగిరిన ఐ.ఆర్.ఎస్.-1ఎ చిత్రములో అతి చిన్న గడి సుమారు 36 మీటర్లు. పది మీటర్ల బావి అందులో కలిసిపోవును. 2005లో పంపిన కార్టోశాట్-1కు గడి 2.5 మీటర్లు, అదే బావి 16 గడులను ఆక్రమించును. ఆ యేడే గూగుల్ ఎర్త్, 2009లో ఇస్రో వారి భువన్ వచ్చి ఇట్టి చిత్రములను అందరి ముందుంచినవి.

గ్రామపటమును చిత్రముపై అమర్చుటకు రెంటిలోను గుర్తింపదగిన నాలుగైదు స్థానములు కావలెను: మూడు గ్రామముల పొలిమేరలు కలియు రాయి, చెరువుకట్ట కొన, పాత బావి. వీనిలో బావి నమ్మదగినది. బాటలు వెడల్పగును, వేదవతి ఇసుక కదలును, గట్టు దున్నబడును. రాతి కట్టడపు బావి కదలదు. ఉదయము తీసిన చిత్రములో ఇంటి నీడ పడమట వెలుపల పడును. బావి నీడ గుంతలోపల తూర్పు అంచున ఉండును. విద్యార్థులు దీనిని పరీక్షించి చూడవచ్చును.

అయినను ఇట్లు అమర్చిన పటముతో గట్టు తగవు తీర్చబూనుట తప్పు. నూరు మీటర్ల గట్టు వెంట పటము నాలుగు మీటర్లు జరిగినచో 400 చదరపు మీటర్లు, అనగా దాదాపు పది సెంట్ల నేల ఒకరి చేతినుండి మరొకరి చేతికి పోవును. అందుకే 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేలో డ్రోనులతో పాటు, ఉపగ్రహ సంకేతములను ఎల్లప్పుడు గ్రహించు స్థిరకేంద్రములను వాడిరి. సరిహద్దు మూలలకు అక్షాంశ రేఖాంశములు చేర్చు పని ఇట్లు సాగినది.

బావుల సంగతి ఇంకను చిక్కైనది. ఎండిన బావియు నీడవలన నల్లగానే కనబడును. నీరు తోడు బోరు నోరు ఆరేడు అంగుళములే గనుక అసలు కనబడదు. ఈ మెట్టసీమలో దిగుడు బావులు ఇంకిపోయి బోర్లు వ్యాపించిన పిదప, చిత్రము చూపునవి తరచు నీరులేని బావులు! 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్లలోపల కొత్తబావి త్రవ్వరాదు. ఆ దూరమును తెరపై ఉజ్జాయింపుగా కొలువవచ్చును. కాని బోరు ఎక్కడున్నదో ముందు తెలియవలెను. తుంగభద్ర ఎగువకాలువ పారని చోట నడివేసవిలో పచ్చని మడి కనబడినచో దాని దాపున బోరు ఉండవచ్చును. అది ఏ సర్వే నంబరులో నున్నదో తేల్చుటకు మాత్రము పొలములోనికి నడచి పోవలసినదే.