గిన్నీల దొంతర

మా అక్క కొడుకు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. "చూడు మామయ్యా, రాకెట్‌లా లేచింది!" తెర మీద ఆకుపచ్చ గీత ఎడమ మూల నుంచి కుడి మూలకి నిటారుగా ఎక్కింది. పక్కనున్న అంకెలు చదివాను. పొద్దున 412 రూపాయలున్న షేరు సాయంత్రానికి 418. పెరిగింది ఒకటిన్నర శాతం కూడా లేదు. తెర అడుగు అంచు 411 దగ్గర మొదలైంది మరి! దాచుకున్నదంతా అందులో పెడతానంటుంటే నాకు గుండె ఝల్లుమంది.

డబ్బు కథను గీతల్లో చెప్పే అలవాటు విలియం ప్లేఫెయిర్‌తో మొదలైంది. 1759లో స్కాట్లండ్‌లోని డండీ దగ్గర పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే అన్న జాన్ పెంచాడు. ఆ అన్న తర్వాత పేరు మోసిన గణిత పండితుడయ్యాడు. తమ్ముడి చేత రోజూ థర్మామీటరు చూపించి, ఆ హెచ్చుతగ్గులను గీతగా వేయించేవాడు. పెద్దయ్యాక విలియం బర్మింగ్‌హామ్‌లో జేమ్స్ వాట్ దగ్గర డ్రాయింగులు గీసే పనిలో కుదిరాడు.

ఇంట్లో నేర్చిన గీత, పనిలో కుదిరిన చెయ్యి కలిసి 1786లో 'కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్' అయ్యాయి. పేరుకు అట్లాసే గానీ అందులో ఉన్నవి దేశాల పటాలు కావు, 44 చార్టులు. 43 చార్టుల్లో ఏళ్ల వెంట నడిచే గీతలే. మిగిలిన ఒక్కటీ స్కాట్లండ్ వర్తకానిది. దానికి ఒక్క ఏడాది లెక్కలే దొరకడంతో గీత లాగడానికి వీల్లేక పట్టీలు వేశాడు. లెక్కలు చాలక పుట్టిందన్నమాట మన బార్ చార్టు!

గీతలో డబ్బు ఎలా కనిపిస్తుందని అడిగేవాళ్ల కోసం ఆయన చెప్పిన పోలిక నాకెంతో ఇష్టం. ఒక వర్తకుడు ఆ రోజు వచ్చిన గిన్నీ నాణేలన్నీ సాయంత్రం బల్ల మీద ఒకే దొంతరగా పేర్చాడనుకోండి. రోజుకో దొంతర. వరసగా పెడితే వాటి ఎత్తే రాబడి. ఆ దొంతరలు బల్ల మీదే నిలబడాలి. మా వాడి ఫోన్ చేసిందేమిటంటే, కింది 411 నాణేలను కనబడకుండా తీసేసి, పైన మిగిలిన ఏడింటినీ తెర నిండా సాగదీసింది. నెమ్మదిగా కదిలే షేరైనా ఇలా చూపిస్తే ఎగిసిపడుతున్నట్టే ఉంటుంది.

కంటిని నమ్ముకున్న ప్లేఫెయిర్ బొమ్మల్లోనే కన్ను మోసపోయింది. తూర్పు దేశాలతో ఇంగ్లండ్ ఎగుమతి దిగుమతులకు, అంటే మన తీరం బట్టలు కూడా ఎక్కిన ఆ వర్తకానికి, రెండు గీతలు వేశాడు. 1984లో క్లీవ్‌లండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు అమెరికన్లు ఆ రెంటి మధ్య తేడాను విడిగా గీసి చూశారు. 1760 దాటగానే ఆ తేడా ఒక్కసారిగా పెరిగి తగ్గింది. అసలు బొమ్మలో అది కంటికి ఆనదు. గీతలు ఏటవాలుగా ఎక్కేచోట కన్ను నిలువు దూరాన్ని వదిలి, దగ్గరి దూరాన్ని కొలుస్తుంది.

ఆయన జీవితంలో నన్ను ఇంకా బాధపెట్టే ఘట్టం ఒకటుంది. 1789లో పారిస్‌లో సయోటో కంపెనీ తరఫున అమెరికాలోని ఒహాయో భూములు అమ్మాడు. విప్లవానికి భయపడిన జనం ప్రచారం చదివి ఎగబడి కొన్నారు. 1790లో కొన్ని వందల మంది సముద్రం దాటి ఒహాయోలోని గాలిపోలిస్ చేరేసరికి, ఆ కంపెనీకి అమ్మే హక్కే లేదని తేలింది. డబ్బు ఏమైందని ప్లేఫెయిర్ మీద ఆరోపణలొచ్చాయి. అంకెలను కళ్లకు కట్టిన మనిషి, కాగితం చూపి అంతమంది కళ్లు కప్పినవాళ్లలో ఒకడయ్యాడు!

మా వాడితో ఇదంతా చెప్పి, గ్రాఫ్ కాగితం తెప్పించాను. మిల్లీమీటరుకు రెండు రూపాయలు, సున్నా నుంచి మొదలు. 206 మిల్లీమీటర్ల దగ్గర బయల్దేరిన గీత 209 దగ్గర ఆగింది. వాడు వంటింట్లోంచి ఒక బియ్యపు గింజ తెచ్చి పక్కన నిలబెట్టాడు. రోజంతా ఎక్కిన ఎత్తు ఆ గింజలో సగం.