పద్దు పుస్తకంలో కథ

తెలుగు రచయిత్రుల గురించి మాట్లాడేటప్పుడు మన సాహిత్య విమర్శ అలవాటుగా వాడే మాట ఒకటుంది: 'ఇంటి అనుభవాల్లోంచి సహజంగా వచ్చిన కథలు' అని. వినటానికి మెచ్చుకోలుగానే ఉంటుంది. ఆ 'సహజంగా' దగ్గర కాసేపు ఆగితే మాత్రం అది ఒక పనిని కనపడకుండా చేసే మాట అని అర్థమవుతుంది. మగ రచయితకి పరిశీలన ఉంటుంది, అధ్యయనం ఉంటుంది, సాధన ఉంటుంది. రచయిత్రికి అనుభవం ఉంటుంది, అంతే. పాలు పొంగినట్టు అనుభవం పొంగి కథ అవుతుందన్నమాట! పొయ్యి దగ్గర నిలబడి మంట తగ్గించే మనిషి ఈ వాక్యంలో ఎక్కడా లేదు.

కథ రాయటానికి ముందు రాసుకునేది ఒకటి ఉంటుంది. ఎక్కడో విన్న మాట, చూసిన మనిషి, గుర్తుపెట్టుకోవాల్సిన ధర, ఊరికే తట్టిన వాక్యం. డైరీ అనండి, నోట్సు అనండి, చిత్తు అనండి. ఆ కాగితాలు కథ వెనక జరిగిన పనికి సాక్ష్యాలు. అవి దొరికిన రచయితకి పద్ధతి ఉందని చరిత్ర ఒప్పుకుంటుంది. అవి దొరకని రచయిత్రికి 'సహజత్వం' అంటగడుతుంది. కాబట్టి ఆడవాళ్ళ నోట్సు ఏమయ్యాయన్న ప్రశ్న, వాళ్ళ సృజన శ్రమని చరిత్ర ఎలా లెక్కకట్టిందన్న ప్రశ్నే.

మనకి బాగా తెలిసిన ఉదాహరణతో మొదలుపెడదాం. గురజాడ అప్పారావు ఇంగ్లీషులో రాసుకున్న డైరీలు, ఉత్తరాలు, నోట్సు ఆయన తర్వాత భద్రపడ్డాయి, తెలుగులోకి వచ్చాయి, అచ్చయ్యాయి. వాటి ఆధారంగా ఆయన ఆలోచన ఎలా ఎదిగిందో పరిశోధకులు తరాలుగా రాస్తున్నారు. రాయాల్సిందే. 1897లో అచ్చయిన కన్యాశుల్కం మొదటి ముద్రణకు ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక జాబితా ప్రస్తావన ఉంది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలను విజయనగరం మహారాజా లెక్క రాయించారు. లెక్కకెక్కినవి 1,034. అందులో పెళ్ళినాటికి ఐదేళ్ళ వయసున్న పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవటానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి ఈ లెక్క పూర్తిది కాదని కూడా ఆయనే అన్నాడు.

బుచ్చమ్మ, సుబ్బి ఆ అంకెల పక్కనుంచి నడిచొచ్చినవాళ్ళు. ఒక జాబితా ఎంత బలమైన నోట్సు కాగలదో చెప్పటానికి మన సాహిత్యంలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు. కానీ నన్ను ఆపేది ఇంకొకటి. ఆ 1,034 మంది ఆడపిల్లలు రాయబడ్డారు. వాళ్ళు రాసుకోలేదు. అడిగింది మహారాజా, చెప్పింది తండ్రులు, రాసింది గుమస్తాలు, నాటకం చేసింది గురజాడ. నోట్సులో ఉండటం వేరు, నోట్సు చేతిలో ఉండటం వేరు.

ఆ నాటకం అచ్చయిన నాలుగేళ్ళకే, 1901లో, భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వచ్చింది. 1874లో పుట్టి 1905లో, ముప్ఫై ఏళ్ళకే చనిపోయిన మనిషి. బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. తెలుగుతో పాటు హిందీ, మరాఠీ కూడా చదివి, దేశంలోని స్త్రీల చరిత్రలు వెతికి, పోగుచేసి, ఒకచోట పెట్టింది. ఆడవాళ్ళు అబలలు, బుద్ధిలేనివాళ్ళు అనేవాళ్ళకి జవాబుగా చేసిన పని అది. తర్వాతి ఏడాది, 1902లో, 'ధన త్రయోదశి' కథ రాసింది.

మనం ఈ రెండిటినీ వేరువేరు అరల్లో పెట్టాం. ఒకటి చరిత్ర, ఇంకొకటి కథ. తెలుగులో మొదటి కథ ఏదన్న వాదం వచ్చినప్పుడు మాత్రం ఆమె పేరు, 1910 నాటి 'దిద్దుబాటు' పేరు ఎదురెదురుగా నిలబెడతాం. ఎవరు మొదటన్న దానికంటే నాకు ముఖ్యంగా తోచేది ఆ రెండు పుస్తకాల మధ్య దారి. ఎన్నో జీవితాలని సేకరించి, వాటిలో ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకున్న మనిషి కథ రాసింది. ఆ కథలోని ఇల్లాలికి మాట ఊరికే రాలేదు. దాని వెనక సేకరణ ఉంది.

ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో హిందూసుందరి, సావిత్రి, తర్వాత 1928లో మొదలైన గృహలక్ష్మి లాంటి పత్రికలు ఆడవాళ్ళకి రాసే చోటు ఇచ్చాయి. గృహలక్ష్మిలో కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' రాశారు. శారద తన స్నేహితురాలు కల్పలతకి రాసే ఉత్తరాలవి. ఉత్తరం ఆడవాళ్ళకి అనుమతి ఉన్న రాత. డైరీ రాస్తుంటే 'ఏం రాస్తున్నావు' అని అడిగేవాళ్ళు ఉత్తరం రాస్తుంటే 'మేమూ అడిగామని రాయి' అంటారు. ఆ అనుమతిని వాడుకుని పెళ్ళి వయసు చట్టం గురించీ, ఖద్దరు గురించీ, ఆడవాళ్ళ హక్కుల గురించీ బాహాటంగా మాట్లాడటం వరలక్ష్మమ్మ తెలివి. సొంతానికి రాసుకునే చోటు లేనప్పుడు, నోట్సు ఇంకొకరి పేరు మీద ఉన్న కవర్లో వెళ్ళిపోతుంది.

ఇక మా వైపుకి వస్తాను. మాది మండపేట. దగ్గర్లోని పొలమూరులో 1891లో పుట్టినవాడే శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి. ఆయన కథల్లో మాట్లాడేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళ విరుపులు, వాళ్ళ ఎత్తిపొడుపులు, మాట మధ్యలో మింగేసిన మాటలు. 'అరికాళ్ళకింద మంటలు' చదివితే ఆ ఇంట్లో ఎవరు ఏ గదిలోంచి అరుస్తున్నారో కూడా తెలుస్తుంది. ఆ చెవికి దణ్ణం పెట్టాలి. కానీ ఆ తెలుగు మొదట పలికింది వంటిళ్ళలో, నూతుల దగ్గర, పెరటి గోడల మీదుగా. వర్డ్స్‌వర్త్ డాఫోడిల్ పూల కవిత 1804లో రాశాడు. ఆ పూలని అతని చెల్లెలు డొరొతీ అంతకు రెండేళ్ళ ముందే, 1802 ఏప్రిల్ 15న, తన డైరీలో రాసి పెట్టుకుంది. ఆమె డైరీ మిగిలింది కాబట్టి ఇవాళ ఆ సంగతి చెప్పుకోగలుగుతున్నాం. గోదావరి ఒడ్డు డొరొతీల కాగితాలు ఏవి?

కాగితాలు ఉన్నాయి. మనం వెతికే చోట లేవంతే.

మా అమ్మమ్మ ఐదో తరగతి దాకా చదివింది. కథకురాలు కాదు, ఏ పత్రికకీ ఏమీ పంపలేదు. ఆవిడ రాసిన పద్దు పుస్తకం ఒకటి నా దగ్గరుంది. 1957లో మొదలవుతుంది. నయాపైసలు వచ్చిన కొత్త కాబట్టి కొన్ని పేజీల్లో అణాలు, పక్కనే నయాపైసలు రెండూ ఉంటాయి. పాలు ఎన్ని సోలలు, చాకలికి వేసిన చీరలెన్ని, పంచెలెన్ని, మిల్లు నుంచి వచ్చిన తవుడెంత, ఊడ్పుల కూలి ఎవరికి ఎంత. పుస్తకం వెనక నుంచి తిప్పితే, పేజీ అడుగున మిగిలిన జాగాలో, సన్నటి అక్షరాలతో వేరే పద్దు మొదలవుతుంది.

'కాలవ కట్టేశారు. బిందెల దగ్గర రెండు జట్లు.' 'ఊడ్పులకొచ్చిన పిల్ల అంది, ఆకలేస్తే అన్నం కాదు, అమ్మ గుర్తొస్తుందని.' 'ఎదురింటావిడ ఇవాళ కూడా తలుపు వెయ్యకుండా పడుకుంది.'

అన్నీ ఇంతే. ఒకటో రెండో వాక్యాలు. ఎక్కడా 'నాకు బాధ కలిగింది' అని లేదు. ఎదురింటావిడ వాక్యం నేను చదివి వినిపించగానే మా అమ్మ గబుక్కున లేచి కూర్చుంది. "ఇది రంగం కొడుకు కథేనే!" అంది. చిన్నప్పుడు వేసవి రాత్రుళ్ళు అరుగు మీద అమ్మమ్మ చెప్పిన కథట. రంగం వెళ్ళిన కొడుకు యుద్ధం రోజుల్లో అందరూ తిరిగొచ్చినా రాలేదు. తల్లి వాడొస్తాడని తలుపు వెయ్యటం మానేసింది. ఒకరాత్రి దొంగ వస్తాడు. ఆమె కళ్ళు కనపడక, కొడుకే అనుకుని అన్నం పెడుతుంది. దొంగ తిని, కంచం కడిగి, బయటినుంచి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతాడు. "నిజంగా దొంగ వచ్చాడా?" అని అడిగాను. "ఎక్కడి దొంగే! ఆవిడకి కళ్ళు బానే కనిపించేవి" అంది అమ్మ.

తలుపు నిజం. దొంగ కల్పన. మధ్యలో జరిగింది పని. మా అమ్మమ్మ ఒక విషయాన్ని చూసింది, లెక్కల మధ్య దాచుకుంది, కొన్నాళ్ళు మోసింది, ఏం కలిపితే అది అందరి కథ అవుతుందో తేల్చుకుంది, ఆ ఆడమనిషి గుర్తుపట్టలేనట్టు మార్చి చెప్పింది. డాక్టరేట్ కోసం నేను చదివిన సృజన ప్రక్రియ సిద్ధాంతాలు ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు. ఈ ఒక్క పుస్తకమే మిగిలింది. తక్కినవి వాటాలప్పుడు పాత కాగితాలతో తూకానికి వెళ్ళాయి. అదే ఇంటి పొలం దస్తావేజులు మాత్రం గుడ్డలో చుట్టి, బీరువాలో, చెదపట్టకుండా ఉన్నాయి. ఏ కాగితానికి విలువ ఉందో పితృస్వామ్యానికి బాగా తెలుసు.

పద్దులో కలిసి ఉన్న కథని పద్దు నుంచి విడదీసి చూపించాలా? ఈ ప్రశ్న దగ్గర వర్జీనియా వుల్ఫ్ డైరీలు నాకు సాయం చేశాయి. ఆమె పోయాక 1953లో భర్త లెనార్డ్, రచనకు సంబంధించిన భాగాలు ఏరి 'ఎ రైటర్స్ డైరీ' వేశాడు. చాలా విలువైన పుస్తకం. 1977 నుంచి 1984 దాకా ఐదు సంపుటాలుగా పూర్తి డైరీలు వచ్చాక తెలిసింది, పనివాళ్ళతో తగువులు, డబ్బు లెక్కలు, తలనొప్పులు, ఇంటికొచ్చిపోయేవాళ్ళు, నవల ఆలోచనలు అన్నీ ఒకే పేజీలో ఉన్నాయని. 'రచయిత డైరీ' వేరు, 'ఇల్లాలి డైరీ' వేరు అన్న గీత గీసింది సంపాదకత్వం. రాసిన చేతికి ఆ గీత లేదు. అందుకే అమ్మమ్మ పుస్తకాన్ని అచ్చు వేసే రోజు వస్తే తవుడు లెక్కతో సహా వెయ్యాలని నా ఉద్దేశం.

అయితే పద్దు పుస్తకం ఉండాలంటే పద్దు ఉండాలి. పొలం, పాడి, కూలి ఇచ్చే స్థితి ఉండాలి. 'ఆకలేస్తే అమ్మ గుర్తొస్తుంది' అన్న పిల్ల పేరు కూలి పద్దులో ఉంది, ఆమె మాట అమ్మమ్మ చేతి రాతలో ఉంది, ఆమె చేతి రాత ఎక్కడా లేదు. గురజాడ జాబితా గురించి అడిగిన ప్రశ్ననే మా ఇంటి పుస్తకాన్ని కూడా అడగాలి. మహారాష్ట్రలో ఫల్టణ్ ఊళ్ళో చిన్న కొట్టు నడిపిన మహర్ స్త్రీ బేబీ కాంబ్లే, పొట్లాలు కట్టటానికి కొన్న పాత పేపర్లు చదువుతూ, తన జాతి బతుకుని నోటుపుస్తకాల్లో రాసి, ఇంట్లోవాళ్ళ కంటపడకుండా దాదాపు ఇరవై ఏళ్ళు దాచింది. అదే 1980ల్లో 'జిణ ఆముచ' గా వెలుగు చూసింది. తెలుగులో 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రాతలని ఒకచోటికి తెచ్చేదాకా, అలాంటి రాతలు ఉన్నాయనే మన విమర్శకి పట్టలేదు. రాయటం రానివాళ్ళ విషయంలో దారి చూపింది 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలని వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళ మాటలని వాళ్ళ మాటలుగానే ఉంచిన పుస్తకం అది. అందులో ప్రతి గొంతుకీ ఒక పేరుంది. ఇంకొకరి మాటని నోట్సు చేసుకునేవాళ్ళకి అది పాఠం.

కథకురాళ్ళకి ఈ విషయం మరీ దగ్గరిది. మన నోటుపుస్తకం నిండా ఉండేది ఇతరుల బతుకే. పక్కింటి ఏడుపు, పనమ్మాయి మాట, బస్సులో ఎవరో చెప్పుకున్న రహస్యం. దాన్ని కథ చేసే హక్కు ఎక్కడిది? అమ్మమ్మ పద్ధతి నాకు ఒక జవాబుగా కనిపిస్తుంది. రాసుకునేటప్పుడు ఉన్నదున్నట్టు, చెప్పేటప్పుడు ఆ మనిషిని కాపాడుతూ. ఎదురింటావిడకి కళ్ళు కనపడవని మార్చటం నైపుణ్యమూ మర్యాదా కలిసిన పని.

1933లో రాజమండ్రిలో పుట్టి, ఢిల్లీలో లైబ్రేరియన్‌గా పనిచేసిన అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు' కథ కుండీలో మరుగుజ్జుగా పెంచిన ఒక చెట్టు మీద నిలబడింది. పెరట్లోనో వరండాలోనో రోజూ కనపడే వస్తువు. కుండీని చూసినవాళ్ళు వేలమంది ఉంటారు. దాని పక్కన ఆడపిల్ల పెంపకాన్ని పెట్టి చూసింది ఆవిడ. ఆ పెట్టి చూడటమే కథకురాలి శ్రమ. దానికి 'సహజం' అని పేరు పెడితే ఆవిడ చేసిన పని చేతిలోంచి లాక్కున్నట్టే.

ఇవాళ మన నోట్సు సెల్‌ఫోన్లలో ఉంటోంది. ఫోను మారితే పోతోంది. పద్దు పుస్తకాన్ని తూకానికి వెయ్యటానికి ఇంకొకరు కావాలి, దీనికి ఆ అవసరం కూడా లేదు. అందుకే రాసే స్నేహితురాళ్ళని అడిగేది ఇది. తేదీ వెయ్యండి. విన్న మాటని విన్నట్టే, ఆ యాసలోనే రాయండి, ఎవరన్నారో మీకు మాత్రం గుర్తుండేలా రాసుకోండి. ధర తెలిస్తే ధర రాయండి. కథ అచ్చయ్యాక చిత్తు చించెయ్యకండి. పరిశోధన చేసేవాళ్ళం కూడా ఒక రచయిత్రి ఇంటికి వెళ్ళినప్పుడు అచ్చయిన పుస్తకాలతో సరిపెట్టుకోకుండా, పాల లెక్కలు, చాకలి పద్దులు, పాత ఉత్తరాల కట్టలు కూడా చూపించమని అడుగుదాం. వెనక నుంచి కూడా తిప్పి చూద్దాం.