వినోద మోటారు బోటు కొనుగోలు: అమెరికాలో ఎంపిక, సమయం

వినోద మోటారు బోటు అంటే కుటుంబ విహారానికి, చేపల వేటకు, నీటి ఆటలకు సొంతంగా వాడుకునే ఇంజను పడవ. అమెరికాలో పెద్ద సరస్సులు, జలాశయాలు, తీర ప్రాంతాల దగ్గర ఉండే మధ్యతరగతి కుటుంబాలు కూడా వీటిని కొంటాయి. కొనుగోలుదారు ముందున్న ప్రశ్నలు రెండు: ఏ బోటు, ఎప్పుడు. మొదటిది తేలాకే రెండోదానికి విలువ. తిరగాల్సిన నీటికి, ఎక్కే మనుషులకు సరిపోని బోటు ఎంత తగ్గింపుకు దొరికినా నష్టమే. ఏది కావాలో ముందే తేల్చుకున్నవారికి మాత్రం డీలర్ల సీజన్ లెక్కలు నిజంగా కలిసివస్తాయి.

చరిత్ర

1909లో మిల్వాకీకి చెందిన ఓలే ఎవిన్‌రూడ్ అమ్మకానికి తెచ్చిన ఔట్‌బోర్డ్ మోటారు, తెడ్డు పడవను సైతం మోటారు బోటుగా మార్చేసింది. 1920ల్లో మిషిగన్‌లోని ఆల్గొనాక్ నుంచి క్రిస్‌క్రాఫ్ట్ సంస్థ చెక్క బోట్లను పెద్ద సంఖ్యలో తయారుచేసి వినోద విహారాన్ని విస్తరింపజేసింది. 1952లో మిన్నెసోటాలోని రిచ్‌మండ్‌లో ఆంబ్రోస్ వీరెస్ ఉక్కు పీపాల మీద చెక్క వేదిక బిగించి పాంటూన్ బోటుకు రూపమిచ్చాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫైబర్‌గ్లాస్ చెక్క స్థానాన్ని ఆక్రమించింది. 1958లో వచ్చిన బోస్టన్ వేలర్, రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఫోమ్ నింపడం వల్ల ముక్కలైనా మునగని బోటుగా పేరు తెచ్చుకుంది. 1959లో వోల్వో పెంటా, ఇంజను లోపల, డ్రైవ్ బయట ఉండే స్టెర్న్‌డ్రైవ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. రేమండ్ హంట్ రూపొందించిన లోతైన ‘వి’ ఆకారపు అడుగుభాగంతో చేసిన మోపీ అనే బోటు 1960 మయామీ–నసావు పందెంలో గెలిచింది. అలలను చీల్చుకుంటూ వేగంగా పోగల నేటి సముద్రపు బోట్లు ఆ వారసత్వం నుంచే వచ్చాయి.

ప్రధాన రకాలు

బౌరైడర్: ముందు భాగంలోనూ సీట్లుండే 17 నుంచి 25 అడుగుల బోటు. ఈత, స్కీయింగ్, ట్యూబింగ్, పగటి షికార్లకు అనువైనది. అలలు ఎక్కువగా ఉండే సముద్రానికి తగదు.

పాంటూన్: అల్యూమినియం గొట్టాల మీద నిలిచే సమతల వేదిక. రెండు గొట్టాలవి మామూలు పాంటూన్లు, మూడు గొట్టాలవి ట్రైటూన్లు. పెద్దలు, పిల్లలు కలిసి వెళ్లే కుటుంబాలకు, నెమ్మదైన సరస్సులకు చాలా అనుకూలం. ఎక్కడం, దిగడం, అటూ ఇటూ నడవడం తేలిక. గాలి బలంగా ఉన్నప్పుడు గట్టుకు చేర్చడం కష్టమవుతుంది.

సెంటర్ కన్సోల్: స్టీరింగ్ మధ్యలో ఉండి, చుట్టూ నడవడానికి చోటుండే బోటు. తీరంలోనూ, సముద్రంలోనూ చేపలు పట్టేవారి ఎంపిక. ఎండకు, గాలికి ఆచ్ఛాదన తక్కువ.

బాస్ బోటు, అల్యూమినియం ఫిషింగ్ బోటు: తక్కువ ఎత్తు, చదునైన ముందుభాగంతో మంచినీటి చేపల వేటకు చేసినవి. చిన్న అల్యూమినియం బోట్లు తేలిక, ధర తక్కువ. మామూలు వాహనంతో కూడా లాక్కుపోవచ్చు.

వేక్ బోటు: ట్యాంకుల్లో నీళ్లు నింపుకుని వెనుక పెద్ద అల లేపేది. ఆ అల మీద ఆడే ఆట ఒక్కటే ప్రధానమైతే తప్ప కుటుంబానికి దీని ధర, ఇంధన ఖర్చు భారమే. ఒడ్డును కోసేస్తుందన్న కారణంతో కొన్ని సరస్సుల్లో దీని మీద ఆంక్షలున్నాయి.

క్యాబిన్ క్రూజర్: పడుకునే చోటు, మరుగుదొడ్డి, వంట సౌకర్యం ఉన్న బోటు. ఏడాది పొడవునా మెరీనాలో (బోట్లు నిలిపే రేవులో) అద్దె చోటు తీసుకునేవారికి నప్పుతుంది. ట్రెయిలర్ మీద తరచూ తీసుకెళ్లేవారికి కాదు.

అడుగుభాగం, ఇంజను

అడుగుభాగం ఎంత కోణంలో వాలి ఉంటే అలల్లో అంత మెత్తగా సాగుతుంది. అయితే నిలిచి ఉన్నప్పుడు ఊగుడు ఎక్కువ, ఇంధనం కూడా కాస్త ఎక్కువ పడుతుంది. వెనుక భాగం దగ్గర 20 డిగ్రీలు దాటిన కోణం బహిరంగ సముద్రానికి సరిపడితే, చదునైన అడుగు లోతు తక్కువ నీటికి, నిశ్చలమైన సరస్సుకు సరిపడుతుంది. అన్ని నీళ్లకూ ఒకేలా నప్పే అడుగుభాగం లేదు. అందుకే తిరగబోయే నీటిని చూసుకున్నాకే బోటును చూడాలి.

ఇంజన్లలో ఔట్‌బోర్డ్ బోటు వెనుక బయట ఉంటుంది. మరమ్మతుకు అందుబాటులో ఉంటుంది, శీతాకాలంలో నీరు సులభంగా బయటకు పోతుంది, ఉప్పునీటిలో పైకి లేపి ఉంచవచ్చు. స్టెర్న్‌డ్రైవ్‌లో ఇంజను లోపల, డ్రైవ్ బయట ఉంటాయి. బెల్లోస్ అనే మడతల రబ్బరు తొడుగును కాలానుగుణంగా మార్చకపోతే నీరు లోపలికి చేరుతుంది. ఇంజను లోపలే ఉండే ఇన్‌బోర్డ్‌ను ఎక్కువగా వేక్, స్కీ బోట్లలో వాడతారు.

హార్స్‌పవర్ విషయంలో తక్కువ శక్తిగల ఇంజనుతో సరిపెట్టుకోవడం తరచూ జరిగే పొరపాటు. నిండా జనం ఎక్కితే అలాంటి బోటు నీటిపైకి లేవదు, ఇంజను ఎప్పుడూ గరిష్ఠ వేగంలో శ్రమిస్తుంది. పెట్రోలు ఇంజను పూర్తి వేగంలో ప్రతి 100 హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 10 గ్యాలన్లు తాగుతుందన్నది వాడుకలోని అంచనా. తయారీ ఆగిపోయిన బ్రాండ్ల విషయంలో విడిభాగాలు, మెకానిక్ దొరుకుతారో ముందే చూసుకోవాలి. ఎవిన్‌రూడ్ ఔట్‌బోర్డ్‌ల తయారీ 2020లో నిలిచిపోయింది.

పరిమాణం, ట్రెయిలర్

అమెరికాలో చాలాచోట్ల ప్రత్యేక అనుమతి లేకుండా రోడ్డు మీద లాక్కుపోగల గరిష్ఠ వెడల్పు 8 అడుగుల 6 అంగుళాలు. ప్రకటనల్లో చూపే ‘డ్రై వెయిట్’లో ఇంధనం, సామాను, ట్రెయిలర్ కలవవు, చాలాసార్లు ఇంజను కూడా కలవదు. గ్యాలన్ పెట్రోలు సుమారు 6 పౌండ్లు తూగుతుంది కాబట్టి 40 గ్యాలన్ల ట్యాంకు నింపితేనే 240 పౌండ్లు పెరుగుతుంది. కారు లాగే సామర్థ్యాన్ని ఈ మొత్తం బరువుతో పోల్చి చూడాలి.

20 అడుగుల లోపు ఒకే అడుగుభాగం గల మోటారు బోట్లకు సామర్థ్య ఫలకం తప్పనిసరి. స్టీరింగ్ దగ్గర కనిపించే ఆ చిన్న పలకపై ఎంతమంది ఎక్కవచ్చో, మొత్తం ఎన్ని పౌండ్లు మోయవచ్చో ఉంటుంది. ఔట్‌బోర్డ్ బోట్లయితే ఎంత హార్స్‌పవర్ బిగించవచ్చో కూడా ఉంటుంది. కొనేముందు తమ ఇంట్లో ఎంతమంది, వెంట వచ్చే స్నేహితులు ఎంతమంది అని లెక్కగట్టి ఆ పలకతో సరిచూసుకోవాలి. పలకపై ఉన్నది గరిష్ఠ పరిమితి. సౌకర్యంగా కూర్చునే సంఖ్య సాధారణంగా అంతకన్నా తక్కువే.

ఖర్చు

బోటు ధర ఖర్చులో మొదటి భాగం మాత్రమే. బీమా, మెరీనా అద్దె లేదా నిల్వ, శీతాకాల సన్నాహం, ఇంధనం, ట్రెయిలర్ టైర్లు, బేరింగులు, రిజిస్ట్రేషన్ ఏటా వచ్చిపడతాయి. ఏటి ఖర్చు ధరలో పదోవంతు ఉంటుందని చెప్పే లెక్క ఒక మోటు అంచనా. పాత బోట్లకు, సముద్రపు బోట్లకు అంతకు మించవచ్చు. కొత్త బోటు విలువ తొలి ఏళ్లలోనే వేగంగా పడిపోతుంది. అందుకే కొన్నేళ్లు వాడిన మంచి బోటు చాలామందికి మెరుగైన ఎంపిక. ఏడాదికి కొద్ది వారాంతాలే తిరిగేవారికి అద్దె బోట్లు, నెలసరి రుసుముతో నడిచే బోట్ క్లబ్బులు చౌక పడవచ్చు.

ఎప్పుడు కొనాలి

డీలర్లు తమ దగ్గరున్న బోట్లను చాలావరకు అప్పు తెచ్చి నిల్వ చేస్తారు. అమ్ముడుపోని ప్రతి నెలా వడ్డీ పెరుగుతుంది. ఉత్తర రాష్ట్రాల్లో సెప్టెంబరు వచ్చేసరికి విహారం ముగుస్తుంది, వేసవిలోనే కొత్త మోడళ్లు రావడం మొదలవుతుంది. అందువల్ల సెప్టెంబరు, అక్టోబరుల్లో మిగిలిన బోట్లపై బేరానికి చోటు ఎక్కువ. జనవరి నుంచి మార్చి వరకు జరిగే బోట్ షోలలో తయారీదారుల రాయితీలు, అదనపు వారంటీలు ఇస్తారు. కోరుకున్న రంగు, ఇంజను ఎంచుకునేవారికి అది మంచి కాలం. మయామీ అంతర్జాతీయ బోట్ షో ఫిబ్రవరిలో జరుగుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు కొనేవారు ఎక్కువ, బేరం తక్కువ. ఫ్లోరిడా వంటి చోట్ల ఏడాదంతా విహారం సాగుతుంది కాబట్టి ఈ హెచ్చుతగ్గులు తక్కువగా ఉంటాయి.

ధర తగ్గే నెలల్లోనే పరీక్షించే వీలూ తగ్గుతుందన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. మిన్నెసోటాలో డిసెంబరులో కొన్న బోటును గడ్డకట్టిన సరస్సులో నడిపి చూడలేరు. అందుకే తెలివైన క్రమం ఇలా ఉంటుంది: వేసవిలో అద్దెకు తీసుకుని రెండు మూడు రకాలు నడిపి చూడటం, రకాన్ని నిర్ణయించుకోవడం, నీరు ఇంకా గడ్డకట్టని సెప్టెంబరులో పరీక్షించి కొనడం. చలికాలంలోనే కొనాల్సివస్తే, వసంతంలో నీటి పరీక్ష అయ్యాకే అమ్మకం ఖాయమయ్యేలా ఒప్పందంలో రాయించుకోవాలి. శరదృతువులో కొన్నవారికి అప్పటి నుంచి నిల్వ, శీతాకాల సన్నాహం ఖర్చులు మొదలవుతాయి. దొరికిన తగ్గింపులోంచి వాటిని తీసేశాకే అసలు లాభం తేలుతుంది.

ఆర్థిక పరిస్థితి సీజన్‌ను మించి ప్రభావం చూపుతుంది. 1991లో లక్ష డాలర్లు దాటిన బోట్లపై విలాస పన్ను అమలులోకి రావడంతో ఖరీదైన బోట్ల అమ్మకాలు పడిపోయాయి. 1993లో ఆ పన్ను ఎత్తేశారు. 2008 మాంద్యంలో పరిశ్రమ కుదేలైంది. కోవిడ్ కాలంలో గిరాకీ ఒక్కసారిగా ఎగిసి, 2020లో 3 లక్షలకు పైగా కొత్త మోటారు బోట్లు అమ్ముడయ్యాయి. పాత బోట్ల ధరలు కూడా పెరిగాయి. 2022 నుంచి వడ్డీ రేట్లు పెరగడంతో ఆ వేడి చల్లారింది. గిరాకీ పతాక స్థాయిలో ఉన్నప్పుడు ఒక ఏడాది ఆగడం, ఏ సీజన్ తగ్గింపుకన్నా ఎక్కువ మిగల్చగలదు.

పాత బోటు పరీక్ష

అమెరికాలో 1972 నవంబరు నుంచి తయారైన ప్రతి బోటుకూ 12 అక్షరాల హల్ గుర్తింపు సంఖ్య ఉంటుంది. వెనుక గోడకు కుడివైపు పైమూలలో కనిపించే ఆ సంఖ్యను యాజమాన్య పత్రంతో సరిపోల్చాలి. 1984 తర్వాతి బోట్లలో దాని చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరాన్ని తెలుపుతాయి.

ఇంజను కింది గేర్ల పెట్టెకు అడుగున ఉండే చిన్న మర తిప్పితే గేరు నూనె బొట్లుబొట్లుగా దిగుతుంది. అది పాలలా తెల్లగా ఉంటే సీలు పాడై నీరు చేరిందని అర్థం. మర చివరి అయస్కాంతానికి లోహపు ముక్కలు అంటుకుని ఉంటే పళ్లు అరిగిపోతున్నాయి. ట్రాన్సమ్ అనే వెనుక గోడను ప్లాస్టిక్ సుత్తితో కొడుతూ పోతే గట్టి చోట ‘టక్’మని, లోపలి చెక్క కుళ్లిన చోట మొద్దు శబ్దం వస్తుంది. ఇంజను సిలిండర్లన్నింటిలో కంప్రెషన్ దాదాపు సమానంగా ఉండాలి. శీతాకాల సన్నాహం సరిగా చేయని ఇంజన్లలో నీరు గడ్డకట్టి బ్లాకు పగులుతుంది కాబట్టి ఆ రికార్డులు అడిగి చూడాలి. నడిచిన గంటలు తక్కువ ఉన్నంత మాత్రాన ఇంజను మంచిదని కాదు. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న ఇంజనులో రబ్బరు భాగాలు, ఇంధన గొట్టాలు చెడిపోతాయి.

పెద్ద బోటుకు అర్హత గల మెరైన్ సర్వేయర్‌ను కొనుగోలుదారే పెట్టుకోవాలి. ఆపై నీటిలో నడిపి చూడాలి: చల్లని ఇంజను స్టార్టు చేయడం నుంచి పూర్తి వేగం, వెనక్కి నడపడం, ఆపాక బిల్జ్‌లో (బోటు లోపలి అట్టడుగున) నీరు చేరిందా అని చూడటం వరకు.

చట్టం, భద్రత

1971 ఫెడరల్ బోటు భద్రతా చట్టం కింద తయారీ ప్రమాణాలను కోస్ట్‌గార్డ్ పర్యవేక్షిస్తుంది. ఇంజను ఆపే స్విచ్ ఉన్న 26 అడుగుల లోపు బోట్లు నడిపేవారు వేగంగా పోతున్నప్పుడు దాని తాడును ఒంటికి తగిలించుకోవాలన్న నియమం 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నడిపేవారు నీటిలో పడితే ఇంజను ఆగిపోతుంది. ఎక్కిన ప్రతి ఒక్కరికీ కొలతకు సరిపడే లైఫ్ జాకెట్ ఉండాలి. కోస్ట్‌గార్డ్ లెక్కల ప్రకారం బోటు ప్రమాద మరణాల్లో దాదాపు నాలుగింట మూడొంతులు మునిగిపోవడం వల్లే; మునిగినవారిలో ఎక్కువమంది లైఫ్ జాకెట్ వేసుకోలేదు. బోటు బడ్జెట్‌లో మొదట రాయాల్సిన వస్తువు అదే.

తెలుగు కుటుంబాలు

అట్లాంటా ఉత్తర శివార్లలోని తెలుగు కుటుంబాలకు లేనియర్ సరస్సు, డాలస్ చుట్టుపక్కల వారికి లూయిస్‌విల్ సరస్సు దగ్గర. రెండూ సైనిక ఇంజనీర్ల విభాగం నిర్వహించే జలాశయాలు. ఇలాంటి చోట్ల రెండు మూడు కుటుంబాలు పెద్దవాళ్లతో, పిల్లలతో కలిసి వెళ్తుంటే బౌరైడర్ కన్నా పాంటూన్ ఎక్కువగా నప్పుతుంది. నడిపేవారి పుట్టిన తేదీని బట్టి శిక్షణ తప్పనిసరి: జార్జియాలో 1998 జనవరి 1న లేదా తర్వాత, టెక్సాస్‌లో 1993 సెప్టెంబరు 1న లేదా తర్వాత పుట్టినవారు బోటు విద్యా కోర్సు పూర్తిచేయాలి. టెక్సాస్ సరస్సుల్లో జీబ్రా మసెల్స్ అనే హానికర చిప్పజీవులు వ్యాపించకుండా, బోటును బయటకు తీసినప్పుడు నీరంతా తీసేయాలన్నది చట్టం. వయసు నిబంధన వర్తించకపోయినా కోర్సు చేసినవారికి నీటి మీద దారి ఇవ్వాల్సిన నియమాలు తెలుస్తాయి. బోటు నడపడం కొత్తయిన కుటుంబానికి అది అవసరం.

నిర్ణయ క్రమం

ఏ నీరు, ఎంతమంది, ఏ పని, ఏడాదికి ఎన్ని రోజులు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోవడం మొదటి మెట్టు. ఆ తర్వాత రకం, అడుగుభాగం, లాగే వాహనం, నిల్వ చోటు, ఏటి ఖర్చు తేలాలి. సీజన్, బేరం, రుణం చివర వస్తాయి. ఈ వరుస తప్పి, రాయితీ చూసి మొదలుపెడితే బోటు ఎక్కువ రోజులు కవరు కిందే ఉంటుంది. వరుస పాటించినవారికి సెప్టెంబరు తగ్గింపు నిజమైన మిగులు. ఆ మిగులుతో మంచి లైఫ్ జాకెట్లు, శిక్షణ, తొలి ఏడాది సర్వీసు అన్నీ సమకూర్చుకోవచ్చు.