మనకు కనిపించని ప్రకటన

మొన్న మా తమ్ముడు ఓ గ్రూపులో డీఎస్సీ పుస్తకాల గురించి అడిగాడు. సాయంత్రానికల్లా వాడి ఫోన్‌లో కోచింగ్ సెంటర్ల ప్రకటనలు వరసకట్టాయి. "అన్నా, ఫోన్ మన మాటలు వింటుందా?" అన్నాడు. వినక్కర్లేదురా, మనం నొక్కేవి చూసుకుంటే చాలు వాళ్లకి అన్నాను. ఆ చరిత్రే రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి.

1994 అక్టోబర్‌లో అమెరికాలోని హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రికలో ఏటీ అండ్ టీ కంపెనీ బ్యానర్ ప్రకటన వచ్చింది. గోడ మీద పోస్టర్ లాంటిది, చూసినోళ్లందరికీ ఒకటే. అదే ఏడు నెట్‌స్కేప్ ఇంజనీర్ లూ మాంటుల్లి 'కుకీ' తయారుచేశాడు. వచ్చినోడు పాతోడా కొత్తోడా అని సైటు గుర్తుపట్టడానికి మన బ్రౌజర్‌లో పెట్టే చిన్న చీటీ అది. ప్రకటనల కంపెనీలు ఆ చీటీతోనే ఒక సైటు నుంచి ఇంకో సైటుకి మన అడుగుజాడలు పట్టాయి. ఫేస్‌బుక్ వచ్చాక ఆ కష్టం కూడా తగ్గింది. ఏది ఇష్టమో మనమే లైక్ కొట్టి చెప్పేస్తున్నాం కదా.

అసలు సంగతి 2016లో బయటపడింది. ప్రోపబ్లికా విలేకరులు ఫేస్‌బుక్‌లో ఇళ్లకు సంబంధించిన ప్రకటన ఒకటి కొన్నారు. నల్లజాతివాళ్లకి, ఆసియా మూలాలున్నవాళ్లకి, హిస్పానిక్‌లకి చూపించొద్దని టిక్ పెట్టారు. పావుగంటలో ఓకే అయిపోయింది! ఇళ్ల విషయంలో జాతి వివక్ష అక్కడ 1968 నుంచే చట్టవిరుద్ధం. ఫేస్‌బుక్ ఎవర్నీ మీ జాతేంటని అడగలేదు. లైక్ కొట్టిన పేజీలు, పోస్టులు చూసి 'ఎత్నిక్ అఫినిటీ' అని తనే విడగొట్టింది. 'మీకు ఇల్లు ఇవ్వం' అని గోడ మీద రాసుంటే చదివి కొట్లాడతాం. ప్రకటనే కనబడకపోతే ఎవరితో కొట్లాడాలి?

దావాలు పడ్డాక 2019లో కంపెనీ దిగొచ్చింది. ఇళ్లు, ఉద్యోగాలు, అప్పుల ప్రకటనల్లో వయసు, ఆడా మగా, పిన్‌కోడ్ చూసి మనుషుల్ని ఏరడం ఆపుతానంది. అదే ఏడు నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు ఉద్యోగ ప్రకటనలు అందరికీ అని ఇచ్చి చూశారు. టాక్సీ ఉద్యోగాలు చూసినవాళ్లలో సుమారు 75 శాతం నల్లవాళ్లు, కలప పని ఉద్యోగాలు చూసినవాళ్లలో 72 శాతం తెల్లవాళ్లు. ఎవరూ టిక్ పెట్టలేదు. ఎవరు నొక్కుతారో అంచనా కట్టి యంత్రమే అలా పంచింది.

మన దగ్గరికొద్దాం. 2019 డేటా బిల్లులో 'కులం లేదా తెగ' వివరాల్ని సున్నితమైన సమాచారంగా విడిగా పెట్టారు. ఆ బిల్లును 2022లో వెనక్కి తీసుకున్నారు. 2023 చట్టంలో ఆ విభాగమే లేదు. 18 ఏళ్లలోపు పిల్లలకు గురిపెట్టి ప్రకటనలు చూపొద్దని మాత్రం ఉంది. హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు వయసు ఎక్కువేసి ఖాతా తెరిస్తే యంత్రం లెక్కలో పెద్దోళ్లే. ఇంటికెళ్లినప్పుడు వాళ్ల ఫోన్‌లో పుట్టినతేదీ ఏముందో ఓసారి చూడండి.