రిలే నుంచి మైక్రోప్రాసెసర్‌కు: విజయవాడ మార్గపు విద్యుత్ ఇంజన్లలో నియంత్రణ వ్యవస్థ

విజయవాడ–మద్రాసు రైలుమార్గం 1980 నాటికి పూర్తిగా విద్యుదీకరణ పొందింది. కృష్ణా డెల్టాలో 25 కిలోవోల్టుల తీగ కింద నడిచిన డబ్ల్యూఏఎం-4, డబ్ల్యూఏజీ-7 ఇంజన్ల చరిత్రను సాధారణంగా అశ్వశక్తి, వేగం, తయారీ సంవత్సరాలతో రాస్తారు. వాటి నియంత్రణ వ్యవస్థ ఎన్నిసార్లు మారిందో ఆ రాతల్లో కనిపించదు.

ఈ ఇంజన్లలో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మోటార్లకు వెళ్లే వోల్టేజీని ట్యాప్ చేంజర్ 32 మెట్లలో పెంచుతుంది. దాని సంకేతనామం 'జీఆర్', ప్రధాన సర్క్యూట్ బ్రేకర్ సంకేతనామం 'డీజే'. రెండూ ఫ్రెంచి పదాల పొట్టి రూపాలే. తొలి ఏసీ ఇంజన్లతో పాటు ఐరోపా నుంచి వచ్చిన ఈ మాటలు తెలుగు లోకో పైలట్ల నోట నిత్యవ్యవహారమయ్యాయి. భాషా పరిశోధకులు ఈ పదజాలాన్ని ఇంకా పట్టించుకోవలసి ఉంది.

డీజేను నిలిపి ఉంచే వలయంలో క్యూ-44, క్యూ-118 వంటి రిలేలు ఉండేవి. వాటిలో ఒకటి పడిపోయినా డీజే తెరుచుకుని ఇంజన్ ఆగిపోతుంది. లోపం రిలేదేనని తేలితే, దానిని పనిచేసే స్థితిలోనే చీలతో బిగించి బండిని ముందుకు నడిపే పద్ధతి ట్రబుల్ షూటింగ్ డైరెక్టరీలో ఉంది. అది తాత్కాలిక ఉపాయం మాత్రమే. ఒక రక్షణను తొలగించినట్టే కనుక, రిలే కాపలా కాయవలసిన పరికరాన్ని అప్పుడు సిబ్బందే కనిపెట్టుకుని ఉండాలి.

మైక్రోప్రాసెసర్ నియంత్రణ వచ్చాక ఇటువంటి రిలేలలో అనేకం తొలగిపోయాయి. లోపం తెరపై కనబడుతుంది, జ్ఞాపకంలో నమోదవుతుంది. షెడ్డుకు ఇది గొప్ప సదుపాయమే. అయితే రిలే కాంటాక్టును గీకి శుభ్రం చేసిన చేతికి కార్డు మీద చేయగల పని తక్కువ, కార్డునే మార్చాలి. ఆ కార్డులోని భాగాల తయారీ ఆగితే, యాంత్రికంగా దృఢమైన ఇంజన్‌కూ కొత్త వ్యవస్థ తప్పదు. 1993 ఒప్పందంతో ఏబీబీ నుంచి వచ్చిన త్రీఫేజ్ ఇంజన్ల సాంకేతికతలో జీటీఓ థైరిస్టర్ల స్థానాన్ని తర్వాత ఐజీబీటీలు ఆక్రమించాయి. పాత నియంత్రణ కార్డులకూ అదే గతి పట్టింది.

నమూనా రైళ్ల అభిరుచి ఉన్నవారికి ఇది పరిచితమే. పట్టాలలోని వోల్టేజీతో నడిచిన పాత బొమ్మ ఇంజన్‌లో డీసీసీ డీకోడర్ బోర్డు అమర్చితే పైతొడుగు పాతదే, నడిపించేది కొత్తది. అసలు ఇంజన్ పక్కన రాసిన సంఖ్య కూడా అంతే. పుట్టుక చెబుతుంది, లోపలి వయసు చెప్పదు. కాలనిర్ణయానికి ఆ సంఖ్యకన్నా ట్రబుల్ షూటింగ్ డైరెక్టరీ మెరుగైన ఆధారం: రిలేకు చీల బిగించమన్న సూచన ఒక దశది, తెరపై సందేశాన్ని చదవమన్నది తరువాతి దశది.