పన్ను కట్టని ఊరు: చీరాల-పేరాల ఉద్యమం చెప్పే పాఠం

ప్రభుత్వం లేకుండా సమాజం నడుస్తుందా, నిర్బంధంగా వసూలుచేసే పన్ను లేకుండా ఊరి పనులు సాగుతాయా అన్న ప్రశ్న మన వాఙ్మయానికి కొత్తది కాదు. మహాభారతం శాంతిపర్వంలో రాజు లేని కాలపు ప్రస్తావన ఉంది. పెద్దచేప చిన్నచేపను మింగినట్లు బలవంతులు బలహీనులను పీడించగా, ప్రజలు మనువును రాజుగా ఉండమని వేడుకొన్నారనీ, పశువుల్లోనూ బంగారంలోనూ యాభయ్యో వంతు, ధాన్యంలో పదోవంతు ఇస్తామని ఒప్పుకొన్నారనీ ఆ కథ. బౌద్ధుల అగ్గఞ్ఞ సుత్తంలో కూడా ప్రజలు తమలో ఒకరిని ఎన్నుకొని, తగవులు తీర్చినందుకు అతనికి వరిలో భాగం ఇస్తారు. రెండు కథల్లోనూ పన్ను రాజుకు పుట్టుకతో వచ్చిన హక్కు కాదు; చేసే పనికి ముట్టజెప్పే ప్రతిఫలం. అలాగైతే, పని అక్కరలేదనుకొన్నవారు ప్రతిఫలం ఇవ్వడం మానుకోవచ్చునా? మానుకొంటే ఆ పని ఎవరు చేస్తారు?

ఈ ప్రశ్నను తెలుగునాట రెండు జంట గ్రామాలు ఆచరణలో పెట్టి చూశాయి. అవి చీరాల, పేరాల. అప్పుడు గుంటూరు జిల్లాలోనివి. 1970 నుంచి ప్రకాశం జిల్లాలోను, 2022 నుంచి బాపట్ల జిల్లాలోను ఉన్నాయి. ఆనాటి జనాభా సుమారు 15,000. నేతపనివారు, చిన్న వర్తకులు, రైతులు ఎక్కువ. అంతవరకు యూనియన్‌గా ఉన్న ఈ గ్రామాలను మద్రాసు ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చింది. ఏటా సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్నుల భారం 40,000 దాకా పెరుగుతుందని అంచనా. ఇది మా తాహతుకు మించినదనీ, మాకు పాత యూనియనే చాలుననీ ప్రజలు అర్జీలు పెట్టుకొన్నారు. ఫలితం లేకపోయింది. స్థానిక స్వపరిపాలన శాఖను చూస్తున్న మంత్రి కూడా తెలుగువాడే, పానగల్లు రాజా. స్వపరిపాలన పేరుతో వచ్చిన సంస్థను, ఎవరికోసం వచ్చిందో వారే వద్దనడం ఈ ఘట్టంలోని విశేషం.

ప్రజలు పన్ను కట్టడం మానుకొన్నారు. ఒక స్త్రీతో సహా కొందరు జైలుకు వెళ్ళారు. ఉద్యమానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించి, ఎడింబరోలో ఎం.ఏ. చదివినవాడు. ఆనంద కుమారస్వామితో కలిసి అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించినవాడు. ఆ గ్రంథం 1917లో వెలువడింది. అటువంటి పండితుడు నేతగాళ్ళ ఊరిలో కాపురముండి 'రామదండు' అనే సేవాదళాన్ని తయారుచేశాడు. 1921 మార్చి చివర విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశాలలో స్వచ్ఛందసేవకులుగా పనిచేసింది ఈ దళమే. ఆ సమావేశాలకు వచ్చిన గాంధీజీ ఏప్రిల్ 6న చీరాల వెళ్ళాడు. ఆయన చూపిన మార్గాలు రెండు: శాంతంగా పన్ను నిరాకరించి, వచ్చిన శిక్షలన్నీ అనుభవించడం, లేదా పురపాలక సంఘం హద్దులు దాటి వెళ్ళిపోవడం. హద్దు దాటినవారిమీద పన్ను వేసే అధికారం సంఘానికి ఉండదు కదా!

ప్రజలు రెండో మార్గం పట్టారు. ఏప్రిల్ చివరనుంచి ఇళ్ళు వదలి ఊరి వెలుపల పాకలు వేసుకొన్నారు. పదిహేను వేలలో సుమారు పదమూడు వేలమంది కదిలారని చరిత్రకారులు వ్రాశారు. కొత్త ఊరికి రామనగరమని పేరు పెట్టారు. మండువేసవిలో, ఆ తరువాత వానల్లో, తాటాకు పాకల్లో పదకొండు నెలలు గడిపారు. వెనుక మిగిలింది ఇళ్ళు, వీధులు, పన్ను వేసే అధికారం; పన్ను కట్టేవారు మాత్రం లేరు.

ఇంతవరకు కథ చాలామందికి తెలిసినదే. మనం గమనించవలసింది రామనగరం లోపల జరిగిన పని. వేలమంది ఒకచోట చేరినప్పుడు నీళ్ళు కావాలి, పారిశుద్ధ్యం కావాలి, పాకలకు నిప్పంటుకోకుండా కాపలా కావాలి, పొరుగువారి మధ్య వచ్చే తగవులు తీరాలి. పన్ను వద్దన్నంతమాత్రాన ఈ అవసరాలు తీరిపోవు. అందువల్ల రామనగరం వెంటనే కొన్ని ఏర్పాట్లు చేసుకొన్నది. కులాలవారీగా ఎన్నుకొన్న ప్రతినిధులతో ఒక సభ ఏర్పడింది. వివాదాల పరిష్కారానికి పంచాయతీ న్యాయస్థానం ఏర్పడింది. రక్షణ, సేవల బాధ్యత రామదండు చూసింది. ఖర్చు విరాళాలతో గడిచింది. సభ, న్యాయస్థానం, రక్షకదళం, కోశం కలిస్తే దానిని ఏమనాలి? ప్రభుత్వమనే అనాలి. ప్రభుత్వాన్ని కాదని వెళ్ళినవారు తామే ప్రభుత్వాన్ని కట్టుకోవలసివచ్చింది. భేదమల్లా ఒక్కటే: అది వారు కట్టుకొన్నది.

ఈ నేర్పు వారికి ఎక్కడినుంచి వచ్చింది? దానికి మూలం పల్లె అలవాట్లలో ఉంది. కళ్ళంలో ధాన్యం రాసి పడగానే కమ్మరి, వడ్రంగి, కుమ్మరి మొదలైనవారికి 'మేర' కొలిచి ఇవ్వడం తెలుగు పల్లెలన్నిటిలో ఉండేది. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చేయించేవారికి రాయలసీమలో 'దశబంధం' పేరిట మాన్యాలు ఉండేవి. మైసూరు ప్రాంతంలో దీనివంటిదే 'కట్టుకొడగె'. తమిళదేశంలో రైతులందరూ కలిసి చెరువుల్లో పూడిక తీసి, కాలువలు బాగుచేసుకోవడాన్ని 'కుడిమరామత్తు' అన్నారు. ఈ మాట నిర్మాణం కూడా గమనార్హం: కుడి అంటే తమిళంలో కాపురమున్న రైతు, ప్రజ, మరామత్తు అరబ్బీ నుంచి వచ్చినది, మన మరమ్మతు అదే. ఉత్తరమేరూరు శాసనాలు (పదో శతాబ్ది తొలిపాదం) చెరువు పాలనకు ప్రత్యేకంగా ఒక వారియం, అనగా ఉపసంఘం, ఉండేదని చెబుతాయి. ఖజానాకు రూపాయి చేరకుండానే ఊరి పని జరిగిన సందర్భాలు ఇవన్నీ.

అయితే వీటిని చూసి పూర్వం పల్లెలు నిర్బంధమెరుగని స్వర్గాలని అనుకోరాదు. కుడిమరామత్తుకు రానివారిని రప్పించడానికి ఊరిపెద్ద మాట, కులకట్టుబాటు ఉండేవి. ఆ పట్టు సడలినప్పుడు 1858లో మద్రాసు ప్రాంతానికి ఒక చట్టమే వచ్చింది. ఆచారం ప్రకారం చేయవలసిన పనికి రానివారినుంచి ఆ పని విలువకు రెట్టింపు వసూలు చేయవచ్చునన్నది. చెరువుకట్టకు గండిపడే ప్రమాదం వస్తే దగ్గరలోని శ్రామికవర్గాల మగవారిని బలవంతంగా పనికి పిలవవచ్చుననీ అన్నది. శ్రామికవర్గాలనే! కట్ట తెగితే మునిగే పొలం ఒకరిది, మట్టి మోయవలసిన తల మరొకరిది. సంస్కృత 'విష్టి' నుంచి వచ్చిన 'వెట్టి' అనే మాటకు, కుడిమరామత్తుకు మధ్య గోడ పలుచనిదే. డబ్బు రూపంలో పన్ను లేనిచోట పన్ను ఒంటిమీద పడుతుంది, అదీ బలహీనుడి ఒంటిమీద ముందుగా పడుతుంది.

ఇక్కడ భాష మనకు కొంత సాయం చేస్తుంది. తెలుగులో పన్ను 'వేస్తారు', మనం 'కడతాం'. చందా 'వేసుకొంటాం'. మేర 'కొలుస్తాం'. మొదటిదానిలో వేసేవాడు ఒకడు, కట్టేవాడు మరొకడు. రెండోదానిలో ఇద్దరూ ఒకరే; 'కొను' అనే ఆత్మార్థక ప్రత్యయం ఆ సంగతి చెబుతున్నది. మూడోదానిలో ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు ఒకే కళ్ళంలో ఎదురెదురుగా నిలబడతారు. చీరాలవారు నిరాకరించింది 'వేసిన' దానిని. రామనగరంలో వారు తెచ్చిపెట్టుకొన్నది 'వేసుకొన్న' దానిని.

మరి 'వేసుకొన్నది' ఎందుకు నిలవలేదు? దీనికి జవాబు మీలో చాలామంది ఉంటున్న ప్రాంతాలకు దారితీస్తుంది. 1921లోనే గోపాలకృష్ణయ్య బరంపురం వెళ్ళాడు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం మద్రాసు రాష్ట్రంలోనిదే, తెలుగువారి ప్రజాజీవితానికి ఒక ముఖ్యకేంద్రం. అక్కడ ప్రసంగంపై ఉన్న నిషేధాన్ని ఉల్లంఘించినందుకు ఆయనను అరెస్టు చేశారు. ఒక సంవత్సరం శిక్ష విధించి తిరుచిరాపల్లి జైలులో ఉంచారు. నాయకుడు దూరమయ్యాక రామనగరానికి విరాళాలు తగ్గాయి. మగ్గం సాగని నేతగాడికి పూట గడవడం కష్టమైంది. 1922 ఫిబ్రవరిలో గాంధీజీ సహాయ నిరాకరణను నిలిపివేయడంతో దేశంలోని ఊపు కూడా తగ్గింది. ప్రజలు తిరిగి పాత ఇళ్ళకు చేరి పన్ను కట్టారు. అదేకాలంలో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వాన సాగిన భూమిశిస్తు నిరాకరణ కూడా ఆ ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. గోపాలకృష్ణయ్య 1928లో, నలభై ఏళ్ళు నిండకుండానే మరణించాడు.

రామనగరాన్ని కూల్చింది కేవలం ప్రభుత్వబలం కాదని మా అభిప్రాయం. ఆ ఏర్పాటులో రెండు బలహీనతలు ఉన్నాయి. దాని కోశం విరాళం మీద ఆధారపడింది. విరాళం ఉత్సాహం ఉన్నంతకాలం వస్తుంది, అవసరం ఉన్నంతకాలం రాదు. దాని అధికారం ఒక మనిషి మీద ఆధారపడింది. ఆ మనిషిని బరంపురంలో పట్టుకొంటే చీరాలలో పాకలు వణికాయి. పన్నుకున్న ఒకే ఒక గుణం ఏమిటంటే, ఉత్సాహం చల్లారిన తరువాత కూడా అది వస్తుంది. నాయకుడు లేకపోయినా కచేరీ తెరుచుకొంటుంది. ఈ గుణాన్ని చులకనగా చూడరాదు.

అలాగని చీరాలవారు పొరపడ్డారని కూడా మేము అనం. తమ అంగీకారం అడగకుండా వేసిన పన్ను పన్ను కాదు, కప్పమేనని వారు పదకొండు నెలల కష్టంతో చాటారు. సమాజం ప్రభుత్వం లేకుండా నడుస్తుందా అని అడిగితే రామనగరం ఇచ్చే జవాబు: నడవదు, అది తన ప్రభుత్వాన్ని తాను పుట్టించుకొంటుంది. నిర్బంధం లేకుండా నడుస్తుందా అని అడిగితే: కొంతకాలం నడుస్తుంది, తరువాత బరువు ఎవరో ఒకరి మీద ఒరిగిపోతుంది. కనుక అడగవలసిన ప్రశ్న పన్ను ఉండాలా వద్దా అన్నది కాదు. వేసేవాణ్ణి లెక్క అడిగే హక్కు కట్టేవాడికి ఉన్నదా, మట్టి మోసేవాడికి కూడా ఆ సభలో చోటు ఉన్నదా అన్నది.

బళ్ళారి, కోలారు, హోసూరు, కోవిల్పట్టి, బరంపురం ప్రాంతాల విద్యార్థులు ఈ దృష్టితో తమ ఊళ్ళలో వాడుకలో ఉన్న మాటలను సేకరిస్తే మేలు. చెరువు మరమ్మతుకు, జాతర ఖర్చుకు, ఊరి కాపలాకు ఇచ్చేదానిని మీ తెలుగులో ఏమంటారు? 'వేస్తారా', 'వేసుకొంటారా'? ఎవరినుంచి తీసుకొంటారు, ఎవరిని మినహాయిస్తారు, లెక్క ఎవరికి చెబుతారు? పెద్దలు ఉండగానే అడిగి వ్రాసిపెట్టుకోవలసిన సంగతులివి. రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. రాజు లేనిచోట జనం తమను తాము ఎలా నడుపుకొన్నారన్న చరిత్ర ఎక్కువభాగం మాటల్లోనే మిగిలింది.