వరుసల నుంచి అంగళ్లకు: పోలండ్ పరివర్తన, 1989–2004

1989 నుంచి 1991 వరకు తూర్పు ఐరోపాలోని కమ్యూనిస్టు ప్రభుత్వాలు ఒకదాని వెంట ఒకటి కూలిపోయినప్పుడు, ఆ దేశాలన్నీ బహుళపార్టీ ప్రజాస్వామ్యాన్నీ మార్కెట్ ఆర్థిక వ్యవస్థనూ ఒకేసారి నిర్మించుకోవలసి వచ్చింది. ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డుపడతాయని ఆనాడు చాలామంది భయపడ్డారు. ధరలు పెరిగి, కర్మాగారాలు మూతపడి, కష్టాలపాలైన ప్రజలు చేతికందిన ఓటుతోనే సంస్కరణలను తిప్పికొడతారన్నది ఆ భయానికి మూలం. ఈ పరీక్షకు అందరికన్నా ముందు నిలబడిన పోలండ్ అనుభవం మరో సంగతిని చెబుతుంది: అక్కడ మార్కెట్‌ను నిలబెట్టినవాటిలో ఓటు ఒకటి, అయితే ఆ మార్పుకు అత్యధిక మూల్యం చెల్లించినవారు ఆ ఓటును పోరాడి సాధించిన శ్రామికులే.

కమ్యూనిస్టు పాలనలో ఏ వస్తువు ఎంత తయారు కావాలో, ఏ ధరకు అమ్మాలో ప్రణాళికా అధికారులే నిర్ణయించేవారు. ధరలు తక్కువగా ఉండేవి గాని దుకాణాల్లో సరుకు ఉండేది కాదు. హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నాయ్ ఈ స్థితినే ‘కొరత ఆర్థిక వ్యవస్థ’గా సిద్ధాంతీకరించాడు. పోలండ్‌లో 1976లో చక్కెరకు, 1981లో మాంసానికి రేషన్ కార్డులు వచ్చాయి. తెలుగునాట రేషన్ కార్డు అంటే పేదలకు చవకగా సరుకు ఇప్పించే పత్రం. అక్కడ అది కొనే అర్హతను మాత్రమే ఇచ్చేది, దుకాణంలో సరుకు దొరుకుతుందన్న పూచీ ఇచ్చేది కాదు. అందువల్ల వరుసలో నిలబడటమే ఒక సామాజిక వ్యవస్థగా మారింది. బట్టలుతికే యంత్రం కోసమో కుర్చీలు, బల్లల కోసమో రోజుల తరబడి సాగే వరుసలకు కొనుగోలుదారులే ‘వరుస సంఘాలు’ ఏర్పరచుకుని, పేర్ల జాబితా రాసుకుని, వేళకు హాజరు పిలిచి, పలకనివారి పేరు కొట్టివేసేవారు; ఇతరుల బదులు నిలబడి కూలి తీసుకునే పింఛనుదారులు కూడా ఉండేవారు.

ఈ కొరతే రాజకీయ తిరుగుబాటుకు దారితీసింది. మాంసం ధరల పెంపుపై రేగిన సమ్మెలు 1980 ఆగస్టులో గ్దాన్స్క్ నౌకానిర్మాణ కేంద్రానికి పాకగా, విద్యుత్ పనివాడు లెక్ వలేసా నాయకత్వంలో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం నుంచి ‘సంఘీభావం’ అనే అర్థమిచ్చే సాలిడారిటీ కార్మిక సంఘం పుట్టి, ఏడాది తిరిగేలోగా కోటికి చేరువగా సభ్యులను కూడగట్టుకుంది. 1981 డిసెంబరు 13న ప్రభుత్వాధినేత జనరల్ యారుజెల్స్కీ సైనిక శాసనం విధించి, తరువాత సాలిడారిటీని నిషేధించినా, ఆర్థిక సంక్షోభం తీరకపోవడంతో ప్రభుత్వమే 1989 ఫిబ్రవరిలో సాలిడారిటీ నాయకులను ‘గుండ్రని బల్ల’ చర్చలకు పిలిచింది. ఆ చర్చల ప్రకారం జూన్ 4న జరిగిన ఎన్నికల్లో, దిగువ సభ అయిన సేయ్మ్‌లోని 460 స్థానాల్లో 161కి మాత్రమే స్వేచ్ఛగా పోటీ జరిగింది. సాలిడారిటీ ఆ 161 స్థానాలనూ, తుది లెక్కలో తిరిగి ఏర్పడిన ఎగువ సభలోని 100 స్థానాల్లో 99నీ గెలుచుకుంది. ఆగస్టులో తదేఉష్ మజోవ్యెత్స్కీ ప్రధాని పదవికి ఎన్నికై, దశాబ్దాల తరువాత తూర్పు కూటమిలో కమ్యూనిస్టేతరుడు నడిపే తొలి ప్రభుత్వానికి నాయకుడయ్యాడు.

ఆయనకు సంక్రమించినది దివాలా తీసిన ఖజానా. విదేశీ అప్పు 4,000 కోట్ల డాలర్లు దాటింది. దిగిపోతున్న ప్రభుత్వం ఆగస్టులో ఆహార ధరలపై నియంత్రణ ఎత్తివేయడంతో, అక్టోబరులో ఒక్క నెలలోనే ధరలు సగానికి పైగా పెరిగాయి. ఆర్థికమంత్రి లెషెక్ బల్త్సెరోవిచ్ రూపొందించిన సంస్కరణల చట్టాలను పార్లమెంటు డిసెంబరు చివరలో ఆమోదించగా, 1990 జనవరి 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అత్యధిక వస్తువుల ధరలను వదిలివేయడం, ప్రభుత్వ సంస్థలకు రాయితీలు కోసివేయడం, వడ్డీరేట్లు పెంచడం, విదేశీ వ్యాపారానికి తలుపులు తెరవడం, డాలరుకు 9,500 జ్లోటీల చొప్పున మారకపు విలువను స్థిరపరచడం అందులోని ముఖ్యాంశాలు. ప్రభుత్వ సంస్థలు పరిమితిని మించి జీతాలు పెంచితే అదనపు మొత్తానికి కొన్ని రెట్లు చెల్లించవలసిన ‘పొపివెక్’ అనే పన్ను కూడా విధించారు. అన్నిటినీ ఒకేసారి చేసే ఈ పద్ధతికి ‘షాక్ చికిత్స’ అనే పేరు స్థిరపడింది. 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం భారతదేశంలో సంస్కరణలు చేపట్టేనాటికి ఇక్కడ ఎన్నికలు, ప్రైవేటు వర్తకం, స్టాక్ మార్కెట్ ఎప్పటి నుంచో ఉన్నాయి. పోలండ్ ఆ సంస్థల్లో చాలావాటిని పునాది నుంచి కట్టుకోవలసి వచ్చింది.

జనవరిలో ధరలు దాదాపు 80 శాతం పెరిగాయి. మార్చి నాటికి నెలవారీ పెరుగుదల 5 శాతం లోపుకు దిగివచ్చింది. దశాబ్దాల వరుసలు కొద్ది వారాల్లో అదృశ్యమయ్యాయి, ఎందుకంటే సరుకు దుకాణంలోకి వచ్చింది, దానిని కొనే శక్తి మాత్రం చాలామంది జేబుల్లో లేకపోయింది. కొత్త మార్కెట్ మొదట కనబడింది వీధుల్లోనే: వార్సా నగర నడిబొడ్డున కాలిబాటల మీద మడతమంచాలు పరచి, వాటిపై అరటిపండ్లు, కాఫీ పొట్లాలు, జీన్స్ ప్యాంట్లు, క్యాసెట్లు పేర్చి అమ్మేవారు, కొంతకాలానికి మడతమంచాల స్థానంలో, మూత ఎత్తితే నోరు తెరిచినట్లుండే ఇనుప బడ్డీలు వచ్చాయి, వాటిని జనం ‘దవడలు’ అని పిలిచేవారు. యుద్ధ శిథిలాల రాళ్లూ మట్టితో గట్లు పోసి 1955లో ప్రారంభించిన ‘దశాబ్ది స్టేడియం’ గట్టు వెంబడి, మాజీ సోవియట్ దేశాల నుంచి, వియత్నాం నుంచి వచ్చిన వర్తకులతో సహా వేలమంది అంగళ్లు తెరవడంతో, ఐరోపాలోని అతిపెద్ద బహిరంగ సంతల్లో ఒకటి అక్కడ వెలిసింది. ఉద్యోగం పోయినవారికి, జీతం చాలనివారికి ఆ సంతలే వ్యాపారం నేర్పిన బడులు.

పరచడానికి మడతమంచం గాని, సరుకు తెచ్చుకోవడానికి దగ్గరలో నగరం గాని లేనివారి కథ వేరు. 1990లో జాతీయోత్పత్తి పదో వంతుకు పైగా పడిపోయింది; సాధారణ ప్రజలు అర్థం కూడా మరచిపోయిన నిరుద్యోగం 1993 చివరికి 16 శాతం దాటి, దాదాపు 30 లక్షల మందిని తాకింది. కార్మిక మంత్రి యాత్సెక్ కురోన్ పేదలకు వేడి సూప్ పంచే కేంద్రాలకు స్వయంగా వెళ్లి గిన్నెలు నింపేవాడు. నిరుద్యోగ భృతికి ప్రజలు ఆయన పేరే పెట్టి ‘కురొనూవ్కా’ అన్నారు. సోవియట్ కొనుగోళ్లు ఆగిపోయాక వూచ్ నగరపు వస్త్రమిల్లుల్లో వేలాది మంది స్త్రీలు పని కోల్పోయారు. అన్నిటికన్నా లోతైన గాయం ఉత్తర, పశ్చిమ ప్రాంతాల్లోని ‘పీజీఆర్’లలో, అంటే ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాల్లో తగిలింది. పోలండ్‌లో సాగుభూమి అత్యధిక భాగం కమ్యూనిస్టుల కాలంలోనూ చిన్న రైతుల చేతుల్లోనే ఉండేది గాని, దాదాపు ఐదో వంతు ఈ క్షేత్రాలది. పనితో పాటు ఇల్లు, శిశుపాఠశాల, భోజనశాల, పట్నానికి బస్సు కూడా అక్కడ క్షేత్రమే సమకూర్చేది. 1991 అక్టోబరు చట్టంతో వాటిని రద్దు చేసినప్పుడు, ఆ కుటుంబాలకు పనితో పాటు బతుకును కట్టి ఉంచిన సమస్తమూ పోయి, పొలాల మధ్య అంతస్తుల ఇళ్లు మాత్రం మిగిలాయి.

ప్రభుత్వ ఆస్తులను ప్రైవేటు చేతులకు అప్పగించడంలో పోలండ్ ఇతర దేశాలకు భిన్నంగా నెమ్మదిగా నడిచింది. చెకోస్లొవేకియా కంపెనీల వాటాలకు మార్చుకోదగిన కూపన్లను పౌరులకు అమ్మి ఆ పనిని వేగంగా నడిపించింది. రష్యాలో 1995లో ప్రభుత్వానికి అప్పులిచ్చిన బ్యాంకుల ద్వారా భారీ చమురు, లోహ సంస్థలు కొద్దిమంది ధనికుల పరమయ్యాయి. పోలండ్‌లో చిన్న దుకాణాలు త్వరగా చేతులు మారినా, పెద్ద కర్మాగారాల విషయంలో ఉద్యోగుల మండళ్లతో బేరసారాలు ఏళ్ల తరబడి సాగాయి. 1991 ఏప్రిల్ 16న వార్సా స్టాక్ ఎక్స్ఛేంజ్, అంతకుముందు కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యాలయంగా ఉన్న భవనంలో, ఐదు కంపెనీల వాటాలతో, వారానికి ఒక్కసారి లావాదేవీలతో మొదలైంది. ఈ నిదానాన్ని ఆనాడు అసమర్థతగా విమర్శించినవారున్నారు. కాని బేరానికి కూర్చోగల కార్మికులు, ప్రశ్నించగల పత్రికలు, చట్టసభ ఉండటమే రష్యా తరహా కబళింపును అక్కడ కష్టతరం చేసింది.

ప్రజాస్వామ్యం కూడా ఒడుదొడుకులతోనే నడక నేర్చుకుంది. 1991 అక్టోబరులో జరిగిన తొలి సంపూర్ణ స్వేచ్ఛాయుత పార్లమెంటు ఎన్నికల్లో 29 పార్టీలు, కూటములు సేయ్మ్‌లో ప్రవేశించగా, ప్రభుత్వాలు నెలల్లోనే మారిపోయాయి. 1993లో ప్రధాని హన్నా సుఖోత్స్కా ప్రభుత్వాన్ని ఒక్క ఓటు తేడాతో పడగొట్టిన అవిశ్వాస తీర్మానం స్వయంగా సాలిడారిటీ సంఘ సభ్యులు తెచ్చినది. ఆ తరువాతి ఎన్నికల్లో కొత్తగా పెట్టిన 5 శాతం కనీస ఓట్ల నిబంధనను అందుకోలేక ఆ సంఘమే సేయ్మ్ వెలుపల ఉండిపోగా, మాజీ కమ్యూనిస్టుల కూటమి మొదటి స్థానం పొందింది. రెండేళ్లకు అధ్యక్ష ఎన్నికల్లో ఆ కూటమి నాయకుడు అలెక్సాందర్ క్వష్నెవ్‌స్కీ చేతిలో అప్పటి అధ్యక్షుడు వలేసా ఓడిపోయాడు. 1996లో గ్దాన్స్క్ నౌకానిర్మాణ కేంద్రం దివాలా తీసింది. ప్రజల ఆగ్రహం సంస్కర్తలను గద్దె దించింది గాని, గద్దెనెక్కినవారు పాత వ్యవస్థను తిరిగి తేలేదు. ఐరోపా సమాఖ్యలో చేరడానికి దరఖాస్తు చేసినది ఆ కూటమి ప్రభుత్వమే. ఓడినవారు దిగిపోవడం, గెలిచినవారు చట్టానికి లోబడటం అలవాటైనప్పుడు, మార్కెట్ అనేది ఒక పార్టీ విధానంగా కాక దేశపు ఏర్పాటుగా స్థిరపడింది.

1996 నాటికి, మాజీ కమ్యూనిస్టు దేశాలన్నిటిలో మొదటగా, పోలండ్ ఉత్పత్తి 1989 స్థాయిని తిరిగి చేరుకుంది. అయినా 2004 మే 1న ఐరోపా సమాఖ్యలో చేరేనాటికి కూడా నిరుద్యోగం 20 శాతానికి చేరువలోనే ఉంది. తరువాతి కొన్నేళ్లలోనే విదేశాల్లో నివసిస్తున్న పోలండ్ వాసుల సంఖ్య 20 లక్షలు దాటింది. దశాబ్ది స్టేడియం సంత తొలగిపోగా, అదే చోట కొత్త జాతీయ స్టేడియం లేచింది.

1997లో ప్రజాభిప్రాయ సేకరణతో ఆమోదం పొందిన రాజ్యాంగం, తన 20వ అధికరణంలో, దేశ ఆర్థిక వ్యవస్థకు వ్యాపార స్వేచ్ఛ, ప్రైవేటు ఆస్తులతో పాటు సంఘీభావాన్నీ, సామాజిక భాగస్వాముల మధ్య సంభాషణనూ పునాదిగా ప్రకటించింది. నౌకానిర్మాణ కేంద్రం ద్వారం మీద ఒకనాడు వెలిగిన మాట అలా దేశపు మూలచట్టంలో చేరింది. ఆ మాట పీజీఆర్ ఇళ్ల దాకా ఎంత చేరిందన్నదే పోలండ్ పరివర్తనను కొలవవలసిన న్యాయమైన కొలబద్ద.